నాలుగడుగుల సందు

సౌదీలో జెద్దా నుంచి ఆరుగంటలు ప్రయాణం చేస్తే, ఎడారి మధ్యలో వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీలు గారి మజ్రా వస్తుంది. మజ్రా అంటే తోట అని చెప్పి రామాంజిని తీసుకొచ్చారు గానీ, అక్కడ తోట అనదగ్గది అరెకరం గడ్డిమడి ఒక్కటే. బోరు నీళ్లు పారించి బర్సీం గడ్డి పెంచడం అతని పని. ఆ పచ్చదనానికి ఆశపడి జింకలు రావాలి. ఎదురుగా కట్టిన చెక్క మాటులో కూర్చుని కఫీలు వాటిని కాల్చుకోవాలి. అనంతపురం జిల్లాలో సొంత వేరుశనగ నిలువునా ఎండిపోతే వచ్చినవాడికి, ఎవరి వేటకోసమో ఇంత పచ్చటి పైరు పెంచడం మొదట్లో నవ్వు తెప్పించేది. నాలుగు నెలలయ్యేసరికి నవ్వు పోయింది.

పెద్ద కంచె లోపల ఇరవై జింకల్ని కొని వదిలారు. ఒక్కటంటే ఒక్కటి మడి వైపు రాలేదు. గడ్డి మోకాలెత్తు పెరిగింది, కోశాడు, మళ్లీ పెరిగింది. గిట్ట గుర్తు పడలేదు.

ఊళ్లో భార్య సుగుణకు నెలలు నిండాయి. ముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ దక్కలేదు. రెండుసార్లూ రామాంజి పక్కన లేడు. ఈసారి ఉంటానని ఒట్టేశాడు. సెలవడిగితే కఫీలు నవ్వుతూనే చెప్పాడు, జింక నా తుపాకీ ముందు నిలబడిన రోజే నీకు ఎగ్జిట్ రీఎంట్రీ అని. ఊరెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే ఆ అనుమతి, ఆయన ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే అయిపోయే పని.

"పదిరోజులంటాండాది డాక్టరమ్మ. వస్తావా, రావా? ఉన్నమాట చెప్పు," అంది సుగుణ ఫోన్లో.

"వస్తా," అన్నాడు. అనేశాక ఏడ్చాడు.

ఆ సాయంత్రమే అతనికి పొలి గుర్తొచ్చింది. వాళ్ల ఊళ్లో జాతరనాడు బలిచ్చిన రక్తంలో అన్నం కలిపి, పొలిమేర చుట్టూ చల్లుతారు. చల్లేది రామాంజి నాన్నే. మొదలుపెట్టిన చోటే ముగించాలనేవాడు. బెత్తెడు సందు కూడా వదలకూడదు, ఆ గీత దాటి బయటివి లోపలికి రాకూడదు. గీత ముగిసేదాకా చల్లేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు.

కఫీలు డ్రైవర్ జునైద్ వారం సరుకులతో తెచ్చిన కోడిని రామాంజి కోశాడు. అన్నం ఎర్రగా కలిపాడు. పొద్దు వాలుతుంటే "పొలి... పొలి..." అంటూ మడి చుట్టూ తిరిగాడు. చివరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. గీత మూసేస్తే జింకలు ఎలా వస్తాయి? తనకు రావలసిందే అవి కదా! తన తెలివికి తనే మురిసిపోయి, మాటుకు ఎదురుగా నాలుగడుగుల సందు వదిలేశాడు.

తెల్లారి చూస్తే ఆ సందులో గిట్టల గుర్తులు.

రామాంజికి కాళ్లు నేలమీద నిలవలేదు. ఫోటో తీసి జునైద్‌కు పంపాడు. జునైద్ కడపవాడు, మంచివాడు, వెంటనే కఫీలుకు చూపించాడు. రేపు సాయంత్రం వస్తామని కబురొచ్చింది. అప్పుడు గానీ రామాంజి సరిగ్గా చూడలేదు. గుర్తులన్నీ లోపలికే పోయాయి. బయటికి ఒక్కటీ రాలేదు. మడిలో ఏ జింకా లేదు. గాలికి చెరిగిపోయి ఉంటాయనుకున్నాడు.

మర్నాడు మళ్లీ ఉన్నాయి. లోపలికే. ఈసారి నాలుగు గిట్టలవి కావు. రెండే, ఒకదాని ముందు ఒకటి, మనిషి నడిచినట్టు.

రామాంజి చుట్టూ చూశాడు. ఇది చూస్తే జునైద్ మడి దరిదాపులకు కూడా రాడు. వేట ఉండదు, సెలవూ ఉండదు. సుగుణ గొంతు గుర్తొచ్చింది. చెప్పు కాలితో ఆ గుర్తుల్ని చెరిపేశాడు. తప్పని తెలిసే చెరిపాడు.

పొద్దు గుంకే వేళకు బండి వచ్చింది. కఫీలు, జునైద్, రామాంజి ముగ్గురూ మాటులో కూర్చున్నారు. గాలి ఆగిపోయింది. తడిసిన బర్సీం వాసన, దాని అడుగున్నుంచి కోడి రక్తం కంపు... రెండు రోజుల కిందటిది, ఇప్పుడే కోసినట్టుంది. మడి మధ్యలోంచి చప్పుడు మొదలైంది. కరక్... కరక్... ఏదో తీరిగ్గా నములుతోంది. గడ్డి కదలడం లేదు.

"అన్నా, వింటాండావా?" జునైద్ గుసగుసలాడాడు.

అప్పుడు గడ్డిలోంచి ఒక తల లేచింది. కొమ్ములున్నాయి. జింక తలే. కానీ మోకాలెత్తు గడ్డిలో అది మరీ ఎత్తుగా ఉంది.

తుపాకీ పేలింది. తల కిందికి పోయింది. కఫీలు ఆనందంతో రామాంజి వీపు చరిచి, అక్కడికక్కడే ఫోను తీశాడు. జునైద్ కత్తి పట్టుకుని దిగాడు, జింక ప్రాణం పోకముందే గొంతు కోసి జబా చెయ్యాలి కదా. టార్చితో రామాంజి ముందు నడిచాడు. సందు దగ్గర జునైద్ ఆగిపోయాడు.

"ఏందన్నా ఈ మెతుకులు? రక్తమా?"

"ఏం లేదు. నువ్వీడే ఉండు, నేను సూసొస్తా."

లోపలికి వెళ్లాడు. జింక లేదు. నలిగిన గడ్డి మధ్యలో గుప్పెడు ఎర్రన్నం. ముట్టుకున్నాడు. వెచ్చగా ఉంది.

జేబులో ఫోను టింగుమంది. ఎగ్జిట్ రీఎంట్రీ వచ్చేసింది. పట్టలేని సంతోషంతో జునైద్‌కు చెబుదామని వెనక్కి తిరిగాడు.

తిరగకూడదు...

సందు అవతల జునైద్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "దొరకలేదా అన్నా? పోనీలే, బండెక్కు. ఫ్లైటుకు నేనే దింపుతా."

అతని పక్కన నిలబడ్డవాడిది రామాంజి చొక్కా. రామాంజి నడక. బండి తలుపు పడింది.

"జునైదూ!" గొంతు చించుకున్నాడు. ఎవరూ తిరగలేదు. పరిగెత్తాడు. గడ్డి... ఇంకా గడ్డి... గట్టు దగ్గరికి చేరేసరికి బండి లైట్లు దూరమైపోయాయి. టార్చి వెలుగులో సందు వెతికాడు. లేదు. నాలుగడుగుల మేరా ఎర్ర మెతుకులు, బెత్తెడు కూడా వదలకుండా. దాటబోయి అడుగు వేశాడు. మళ్లీ మడి మధ్యలోనే ఉన్నాడు. ఇంకోసారి... ఇంకోసారి...

జునైద్ ఫోనెత్తలేదు. సుగుణకు కలిపాడు. బండి వెళ్లి పావుగంట కూడా కాలేదు.

"వాకిట్లో నిలబడి ఫోన్ చేస్తాండావేంటికి?" సుగుణ గొంతులో పట్టరాని సంతోషం. "తలుపు తీసే ఉండాది. లోపలికి రా."

"సుగుణా... నేను కాదు! తలుపెయ్యి!"

"ఏమీ వినపడలా. కాళ్లు కడుక్కోనన్నా రా సామీ, యాడ తొక్కినావో... గడపంతా ఎర్ర మెతుకులే."

అవతల తలుపు మూసుకున్న చప్పుడు. లోపల్నుంచి గొళ్లెం పడింది.

ఆ తర్వాత ఫోన్లో, చెవికి చాలా దగ్గరగా, ఏదో తీరిగ్గా నములుతున్న చప్పుడు.