కోట దారి మునిగే వేళ

"అయితే ఇదంతా నీ నాటకమన్నమాట!"

భర్త గొంతు పాత కోట గోడల మధ్య ఖంగుమంది. చూడ్డానికొచ్చినవాళ్ళంతా తలలు తిప్పారు. ఆమె చేతిలోని సంచిని దగ్గరకు హత్తుకుంది.

ఎదురుగా నిలబడ్డవాడు ఆమె మరిది. ఈ సముద్రపుటూరి రేవులో పడవలకు రంగులేసుకుని బతుకుతున్నాడు. తండ్రి కడచూపుకు రాలేదని అన్నగారు పదిమందిలో తన చెంప పగలగొట్టిన రోజు నుంచి, ఎనిమిదేళ్ళుగా అన్న ఇంటి గడప తొక్కలేదు. అత్తగారు చిన్నకొడుకు మాటెత్తితే చాలు, పెద్దకొడుకు కంచం ముందునుంచి లేచిపోయేవాడు. ఆ ముసలిప్రాణం కుమిలిపోవడం చూడలేకే ఆమె, "సముద్రం చూసి సాయంత్రానికి వచ్చేద్దామండీ" అని బతిమాలి భర్తనూ అత్తగారినీ పొద్దున్నే బస్సెక్కించింది. మరిదికి ముందే ఫోన్ చేసింది!

"వీడితో ఎన్నాళ్ళ నుంచి మాట్లాడుతున్నావ్?"

"మొదట్నుంచీ..." అబద్ధమాడే ఓపిక ఆమెకిక లేదు.

"అయితే ఇక్కడే ఉండిపో! నా ఇంటికి రానక్కర్లేదు!"

మరిది తల దించుకున్నాడు. "నావల్ల నీకెందుకు వదినా ఈ మాటలు? నేను వెళ్ళిపోతాను."

అంతలో కాపలాదారు ఈల ఊదాడు. "పోటు ఎక్కుతోంది! దారి మునిగిపోతుంది, అందరూ ఒడ్డుకు నడవండి!"

కోటకూ ఊరికీ మధ్య ఉన్నది ఒక్క రాళ్ళబాట. జనం పరుగులు తీశారు. అత్తగారు మాత్రం మెట్టుమీద కూలబడి కదలనంది.

"అమ్మా, మొండికెయ్యకు! లే!" పెద్దకొడుకు గదమాయించాడు.

"నా మోకాళ్ళు ఈ నీళ్ళలో నడవలేవురా. ఇద్దరూ కలిసి మోస్తే వస్తాను... లేదంటే ఈ సముద్రానికే వదిలేసి పోండి!"

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ చేతులు కలిపి, వాటిమీద తల్లిని కూర్చోబెట్టుకున్నారు. సంచి నెత్తిన పెట్టుకుని ఆమె వెనకే దిగింది. నీళ్ళు మోకాళ్ళు దాటాయి... నడుమును తాకాయి. ఉన్నట్టుండి ఓ పెద్ద కెరటం! భర్త కాలు జారింది. అత్తగారు ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఏమండీ!" ఆమె కేక గాలిలో కలిసిపోయింది.

"అన్నయ్యా! నా భుజం పట్టుకో... గట్టిగా పట్టుకో!"

పట్టుకున్నాడు. ఒడ్డు చేరి తల్లిని ఇసుకమీద దించాక కూడా ఆ భుజం వదల్లేదు. ముగ్గురూ ఒకరినొకరు వాటేసుకుని బావురుమన్నారు. ఆమె దూరంగా నిలబడి కళ్ళొత్తుకుంది. ఆ కౌగిలిలో తనకు చోటుందో లేదో!

కాసేపటికి భర్త ఆమె దగ్గరకొచ్చి చెయ్యి చాపాడు. సంచిలో పొడిగా మిగిలిన ఒక్క తువ్వాలు ఇచ్చింది. అతను దాంతో తమ్ముడి తల తుడిచాడు, చిన్నపిల్లాడికి తుడిచినట్టు.

"నీమీద నాకింకా కోపం పోలేదు," అన్నాడు ఆమెవైపు చూడకుండానే.

"పోకపోతే పోనివ్వండి..." ఆమె తడిసిన కొంగు పిండుకుంది.

"బస్సుకి వేళవుతోంది. ముందు నువ్వెక్కి కిటికీ పక్కన కూర్చో. నీకు వాంతులవుతాయి కదా... వీడూ మనతోనే వస్తున్నాడు."