సరిహద్దు దాటిన తెల్ల కారు

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి ఎదెల్మిరా నావార్రో ఆఫీసు తలుపు తట్టకుండానే ఒకావిడ లోపలికి వచ్చేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గాలికి రేగిన జుట్టు సర్దుకోలేదు. చేతిలో మడత పెట్టిన కాగితం ఒకటి గట్టిగా పట్టుకుని ఉంది.

“మా అమ్మ పోయేలా ఉంది. వీళ్ళు నన్ను దేశం దాటనివ్వడం లేదు,” అంది.

సరిహద్దు పక్కనున్న ప్వెర్తో నతాలెస్ లాంటి చిన్న ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్‌కి వచ్చే కేసులు మొగుడూ పెళ్ళాల అనుమానాలు, కంచె దాటిన గొర్రెలు. ఇలాంటి మాటతో ఎవరూ రారు. ఎదెల్మిరా కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కస్టమ్స్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసి ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి. ఏ కాగితమైనా ఆమె ముందు అబద్ధం ఆడలేదని ఆమె అసిస్టెంట్ నిబాల్దో ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. నలభై ఆరేళ్ళవాడు, ఒకప్పుడు టాక్సీ నడిపేవాడు. చెప్పొద్దని ఆమె ఎన్నిసార్లు అన్నా మానడు.

అతను మాతే అనే ఆకుల టీ గిన్నెలో వేడినీళ్ళు పోసి ఆవిడ చేతిలో పెట్టాడు. “ముందు రెండు గుక్కలు తాగక్కా.”

ఆవిడ పేరు ఎల్బా కార్కమో. బడి వంటశాలలో వంట చేస్తుంది. తల్లి అర్జెంటీనా వైపు, రియో గాయెగోస్‌లో ఉంటుంది. ఎల్బాకి సొంత కారు లేదు, బస్సు దొరికే రోజు సెలవు దొరకదు. అందుకని ఆరేళ్ళుగా నెలకోసారి రెనాటో ఉయోవా దగ్గర కారు అద్దెకు తీసుకుని వెళ్ళి వస్తోంది. తల్లిని ఈ మధ్యే ఆసుపత్రిలో చేర్చారు. మొన్న శనివారం వెళ్ళి, ఆదివారం తిరిగొస్తుంటే సరిహద్దులో పట్టుకున్నారు.

“నన్ను చూస్తే చెయ్యి ఊపి పంపేస్తారు మేడం. ఆరేళ్ళలో ఒక్కసారైనా డిక్కీ తెరవలేదు. ఆదివారం మాత్రం పళ్ళూ మాంసం వాసన పట్టే కుక్కని తెచ్చారు. అది డిక్కీ దగ్గర కూలబడి లేవనంటే లేవనంది. స్పేర్ చక్రం టైరు కోస్తే లోపల పచ్చి గొర్రెతోలు. తోల్లో చుట్టి మూడు రాళ్ళు. రాళ్ళు కావట, రాక్షసబల్లి గుడ్లట. అక్కడెక్కడో మ్యూజియంలో పోయినవట. వంట చేసుకునేదాన్ని, నేను ఎరిగిన గుడ్లు కోడిగుడ్లే!”

కేసు తేలేదాకా దేశం దాటకూడదని ఆర్డరు వేశారు. విచారణకి ఇంకా నెల ఉంది. తల్లికి నెల లేదని డాక్టరు సోమవారమే ఫోనులో చెప్పాడు.

“నీకు రోజూ ఇచ్చే కారేనా?”

“కాదండి. నాకెప్పుడూ నీలం కారే. శనివారం పొద్దున వెళ్తే దాని బ్యాటరీ చచ్చిపోయిందన్నాడు సిక్స్తో, అక్కడి మెకానిక్కు. తెల్లది తీసుకెళ్ళక్కా అని కాగితం చేతిలో పెట్టాడు. చర్చిలో నా కొడుకు బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడింది వాడే. నాకు తమ్ముడితో సమానం.”

అద్దె కారు సరిహద్దు దాటాలంటే యజమాని అనుమతి పత్రం కావాలి. దాని మీద కారు నంబరు, నడిపేవాళ్ళ పేరు, నోటరీ ముద్ర ఉండాలి. ఒక ప్రతి సరిహద్దులో ఇచ్చేస్తారు, రెండోది నడిపేవాళ్ళ దగ్గర ఉంటుంది. ఎల్బా చేతిలో ఉన్నది ఆ రెండోదే. ఎదెల్మిరా దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. అంతా టైపు చేసి ఉంది, కారు నంబరు మాత్రం పెన్నుతో రాసింది. నోటరీ గుండ్రటి ముద్ర ఆ నంబరులో చివరి రెండంకెల మీదుగా పడింది. తారీఖు సెప్టెంబరు పదిహేను, సోమవారం.

“నీ ప్రయాణం ఇరవయ్యో తారీఖున కదా?” అంది.

“పద్దెనిమిదీ పంతొమ్మిదీ స్వాతంత్య్ర పండగ సెలవులని ముందే చేయించి ఉంటారు మేడం,” అన్నాడు నిబాల్దో. “పైగా కొత్త నోటరీ వచ్చింది. వచ్చిన వారంలోనే మా తమ్ముడి బండి కాగితాల్లో ఏదో గడి ఖాళీగా ఉందని మొహాన కొట్టి పంపింది. పాతాయనైతే నిద్రలో కూడా ముద్ర గుద్దేవాడు.”

ఎదెల్మిరా తారీఖు మరోసారి చూసింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కాగితం ఆమె సంచిలోకి వెళ్ళిందంటే ఏదో దొరికిందని నిబాల్దోకి తెలుసు. ఏం దొరికిందో మాత్రం ఎప్పుడూ తెలియదు, అదే అతని బాధ.

అద్దె కార్ల ఆఫీసు సముద్రం ఒడ్డు రోడ్డులో ఉంది. యజమాని రెనాటో లావుపాటి మనిషి, గొంతు అంతకన్నా లావు.

“పోలీసులొచ్చారు, పోయారు. ఇప్పుడు మీరు! ఆవిడ దొంగతనం చేస్తే నా పరువు పోవాలా?”

“మిమ్మల్ని దొంగ అని నేననలేదే,” అంది ఎదెల్మిరా. “భుజాలు తడుముకోకండి. ఈ కాగితం ఎవరు తయారు చేశారు?”

కౌంటరు వెనక నుంచి గుమాస్తా యస్నా లేచింది. ముప్పై ఏళ్ళ మనిషి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. “నేనే టైపు చేశాను. పన్నెండో తారీఖు శుక్రవారం చేసి పెట్టి, ఆ మర్నాటి నుంచి సెలవు మీద మా అత్తగారింటికి పోర్వెనీర్ వెళ్ళాను. పండగ అయ్యాకే వచ్చాను.”

“ఎల్బా తెల్ల కారు తీసుకుంటుందని శుక్రవారమే నీకెలా తెలుసు?”

యస్నా యజమాని వైపు చూసింది. రెనాటో నవ్వాడు. “అదా మీకు దొరికిన గొప్ప సంగతి? మేడం, నంబరు గడి ఖాళీగా వదిలేస్తాం. నేను డజను కాగితాల మీద ముందే సంతకం పెట్టి పడేస్తాను. ముద్ర వేయించుకొచ్చాక, ఏ కారు ఇస్తే ఆ నంబరు రాసుకుంటాం. తప్పే, కాదనను. ఊళ్ళో ఎవరు చెయ్యట్లేదు? కస్టమ్స్‌లో ఉన్నప్పుడు మీకు తెలీదా?”

“తెలుసు. ముద్రకి కాగితాలు ఎవరు పట్టుకెళ్తారు?”

“ఖాళీగా ఉన్నవాడు. ఆ సోమవారం నేను పుంతా అరేనాస్‌లో ఉన్నాను. ఎవరెళ్ళారో నాకేం తెలుసు?”

గరాజులోంచి చేతులు తుడుచుకుంటూ సిక్స్తో వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఎల్బా పేరు వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అక్కకి ఇలా జరగడమేంటండీ! ఆ సోమవారమైతే రోజంతా గరాజు వదల్లేదు నేను. క్లచ్ విప్పి కూర్చున్నా.”

“నీలం కారు బ్యాటరీ?”

“శనివారం తెల్లారి చూస్తే చచ్చి ఉంది. అప్పటికప్పుడు తెల్లది కడిగిచ్చాను. నంబరు కూడా అప్పుడే రాశాను, అక్క ఎదురుగుండానే తొందరలో గీకేశాను.”

ఎదెల్మిరా గోడకు కొట్టిన తాళాల పలక ముందు నిలబడింది. ప్రతి కారుకీ రెండేసి తాళాలు వేలాడుతున్నాయి. నీలం కారు మేకుకి ఒక్కటే ఉంది. తెల్ల కారు మేకుకి ఏమీ లేదు.

“నీలం దానికి రెండోది పోయి రెండేళ్ళయింది,” అంది యస్నా. “తెల్లదానిది ఒకటి పోలీసుల దగ్గరుంది. ఇంకోటి...” ఆగిపోయింది. “ఇంకోటి ఇక్కడే ఉండాలే?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి మొహంలోనూ ధైర్యం లేదు.

బయటికి రాగానే నిబాల్దో మొదలెట్టాడు. “రెనాటోనే మేడం. నోరు పెద్దదైనవాడి చెయ్యి కూడా పెద్దదే. లేదా ఆ యస్నా. ఊరికే ఎవరూ అంత ఏడవరు.”

“ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళు ఏడుస్తారయ్యా. పద, మీ తమ్ముడి మొహాన కాగితాలు కొట్టిన మహాతల్లిని చూద్దాం.”

నోటరీ దగ్గర పది నిమిషాలే పట్టింది. ఎదెల్మిరా రెండు ప్రశ్నలడిగింది, రిజిస్టరులో ఒక వరుస మీద వేలు ఆపి చూసింది. తర్వాత ఆసుపత్రికి ఫోను చేసి, ఎల్బా తల్లి సంగతి కనుక్కుంది. ఇక ఒకటి రెండు రోజులే అన్నారు అక్కడివాళ్ళు.

“రేపటికల్లా తేల్చాలి,” అంది.

బుధవారం పదకొండింటికి అద్దె కార్ల ఆఫీసులోనే అందరూ కూర్చున్నారు. ఎల్బా ఒక మూల, పక్కన నిబాల్దో. రెనాటో, యస్నా, సిక్స్తో కౌంటరు దగ్గర. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ బార్రియెంతోస్ నిలబడ్డాడు. ఎదెల్మిరా పక్కన తెల్లజుట్టు నోటరీ, ఒళ్ళో రిజిస్టరు.

“ఈ పని చేసినవాడికి మూడు కావాలి,” అంది ఎదెల్మిరా. “సరిహద్దులో ఎవరూ అనుమానించని మనిషి ఒకరు. ఎల్బా దొరికింది. గాయెగోస్‌లో, ఆసుపత్రి బయట ఆగి ఉన్న కారు డిక్కీ చప్పుడు లేకుండా తెరిచి స్పేర్ చక్రం మార్చడానికి రెండో తాళం. అది నీలం కారుకి లేదు. అందుకే నీలం కారు మంచం పట్టింది. తాళం ముందే అవతలికి వెళ్ళిపోయింది. ఇక మూడోది, తెల్ల కారు పేర అనుమతి కాగితం.”

“కాగితం సంగతి నిన్ననే చెప్పానుగా,” అన్నాడు రెనాటో. “ఖాళీగా ముద్ర వేయిస్తాం, తర్వాత రాస్తాం.”

“అదే మీ అందరి నమ్మకం. చేసినవాడి ధైర్యం కూడా అదే. నంబరు ఎప్పుడు రాశారని ఈ ఊళ్ళో ఎవరూ అడగరు.” కాగితం ఇన్‌స్పెక్టరుకి ఇచ్చింది. “చివరి రెండంకెలు చూడండి. ఇంకు కింద ఉందా, ముద్ర కింద ఉందా?”

బార్రియెంతోస్ కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దంతో చూశాడు. “ముద్ర పైన ఉంది. నంబరు కింద ఉంది.”

“అంటే ముద్ర పడేనాటికే నంబరు రాసి ఉంది. నోటరీ గారూ, మీరు ఖాళీ గడి మీద ముద్ర వేస్తారా?”

“చచ్చినా వెయ్యను,” అంది నోటరీ. “పదిహేనో తారీఖు ఈ ఊళ్ళో నా మొదటి రోజు. నాలుగు కాగితాలొచ్చాయి, నాలుగింట్లోనూ నంబరు లేదు. నింపితేనే వేస్తానన్నాను. ఇంతకు ముందెప్పుడూ ఇలా అడగలేదమ్మా అని బతిమాలాడు. కదలలేదు నేను. నా బల్ల దగ్గరే, నా పెన్నుతోనే నింపాడు.”

“ఇరవయ్యో తారీఖున చావబోయే బ్యాటరీ సంగతి,” అంది ఎదెల్మిరా, “పదిహేనో తారీఖునే తెలిసినవాడు ఒక్కడున్నాడన్నమాట. నీలం కారు నంబరు రాస్తే తెల్లది సరిహద్దు దాటదు. టైపు చేసే యస్నా ఊళ్ళో లేదు, సెలవులకి ముందు ఇంకో కాగితం దొరకదు. రాయక తప్పింది కాదు. శనివారం ఎల్బా ఎదురుగా రాసినట్టు నటించాడంతే. కాగితాలు తెచ్చినవాళ్ళు రిజిస్టరులో సంతకం పెట్టాలి. చదవండి నోటరీ గారూ.”

నోటరీ కళ్ళద్దాలు పెట్టుకుంది. “సిక్స్తో పరేదెస్. ఉదయం పదకొండూ ఇరవై.”

“రోజంతా గరాజు వదల్లేదన్నావు,” అంది ఎదెల్మిరా. “ఎవరూ అడగని అబద్ధం అది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దేవుడు ముద్రలు చూడడు కాబోలు.”

సిక్స్తో కాదనబోయాడు. నోటరీ రిజిస్టరు అతని వైపు తిప్పి సంతకం చూపించింది. నిబాల్దోకి వాడి మీద కోపం రావాల్సింది పోయి, ముందు రోజు వాడి కన్నీళ్ళు నమ్మినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

“ఒక్కసారే అన్నారు,” అన్నాడు సిక్స్తో చివరికి. “గాయెగోస్‌లో తాళం తీసుకున్నవాడు చెప్పాడు, ఒక్కసారే అని. అక్కని ఎవరూ ఆపరు కదా అనుకున్నా. ఏమీ కాదనే అనుకున్నా.”

“పట్టుబడ్డాక మూడు రోజులున్నావు కదరా,” అన్నాడు బార్రియెంతోస్. “అప్పుడైనా నోరు విప్పలేకపోయావా?”

సిక్స్తో తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పక్కకి వెళ్ళి ప్రాసిక్యూటరుకి ఫోను చేశాడు. ఒంటిగంట కాకముందే ఆర్డరు ఎత్తేశారన్న కబురు వచ్చింది.

ఎల్బా లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. నిబాల్దో తన కారు తీయడానికి బయటికి పరిగెత్తాడు.

“అక్కా,” అన్నాడు సిక్స్తో. “ఒక్కసారి నా మొహం చూడు.”

ఆవిడ చూసింది. అరవలేదు, తిట్టలేదు.

“నెలనెలా నేను వెళ్ళగానే అమ్మ మొదట అడిగేది నీ గురించేరా. సిక్స్తో ఎలా ఉన్నాడు, మనవాడిని చూడ్డానికి వస్తున్నాడా అని. ఇవాళ కూడా అడుగుతుంది. ఏం చెప్పమంటావు?”

జవాబు కోసం ఆవిడ ఆగలేదు.

సాయంత్రం ఆరింటికి ఎదెల్మిరా ఆఫీసులో ఫోను మోగింది. నిబాల్దో మాట్లాడతాడనుకుంటే అవతల ఎల్బా.

“సమయానికి వచ్చాను మేడం. గుర్తుపట్టింది. నా చెయ్యి వదలడం లేదు.”

“సంతోషం తల్లీ.”

“సిక్స్తో ఎలా ఉన్నాడని అడిగింది.” అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది. “బాగున్నాడని చెప్పాను.”