పదకొండో పూత

నాగరికత కనిపెట్టిన వాద్యాలన్నింటిలోనూ కారు హారన్ అత్యంత గంభీరమైనది. దానికి శ్రుతి అక్కర్లేదు, శ్రోతల అనుమతి అసలే అక్కర్లేదు. అయినా ఒక్కోసారి దాని మీద ఒక నిండు ప్రాణం ఆధారపడుతుంది.

గూఢచారి డిపార్టుమెంటు వారి పాత కారు హారన్ అలాంటిది. జలుబు చేసిన బాతు రాగాలాపనకు పూనుకున్నట్టు మోగే ఆ హారన్‌కు నగరంలో జోడీ లేదు. అందుకే ఏజెంట్ మిడత దానినే కోడ్‌గా ఎంచుకున్నాడు. ఆ రోజు పగలు సరిగ్గా పన్నెండు గంటలకు విదేశీ ముఠా ఆఫీసు ఎదుట అది రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగాలి. లోపల ఆ ముఠాకు సెక్రటరీగా నటిస్తున్న డబుల్ ఏజెంట్ నెమలి, అది విన్నాకే బయటికి వస్తుంది. డిపార్టుమెంటులో చొరబడిన ముఠా మనుషుల జాబితా ఆమె లిప్‌స్టిక్ గొట్టంలో ఉంది. ముఠాకు అప్పటికే ఆమె మీద అనుమానం మొదలైంది. హారన్ మోగకపోతే ఆమె ప్రాణాలతో బయటపడదు.

చిక్కల్లా కారుతోనే. నెల రోజులుగా అది ఉన్నట్టుండి చచ్చిపోతోంది. ఇంజన్, లైట్లు, హారన్ ఒక్కసారిగా మూగబోతాయి. ఐదు నిమిషాలకు ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. డిపార్టుమెంటు గ్యారేజీలో మాత్రం తనిఖీ రోజున గుమాస్తాలా బుద్ధిగా ఉంటుంది. బ్యాటరీ, కాయిల్, స్టార్టర్ అన్నీ మార్చారు. లాభం లేకపోయింది.

తొమ్మిది గంటల బ్రీఫింగ్‌లో చీఫ్ రెండు వందల పేజీల ఫైలు తెరిచారు. ముఠా దగ్గర దూరం నుంచే ఇంజన్లను చంపే కిరణ యంత్రం ఉన్నదని నిపుణుల కమిటీ తేల్చింది.

"మిషన్ క్యాన్సిల్. కారు స్క్రాప్‌కు పంపెయ్."

"మరి ఆమె సంగతి?"

"రిస్క్ ఆమెకు తెలుసు. ఇది ఆర్డర్."

మిడత తాళాలు జేబులో వేసుకుని, దానిని సలహాగా స్వీకరిస్తున్నానని వినయంగా మనవి చేసి బయటికి నడిచాడు.

దేశ రహస్యాలు ఎవరికీ చెప్పకూడదు, మేనత్తకు అసలే చెప్పకూడదు. కానీ మిడత మేనత్తకు ముప్పై ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. మిడత కారును నేరుగా అక్కడికే తోలాడు. మేనల్లుడు ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేస్తున్నాడని ఆమె నమ్మకం. ఆమె కిరణాల కథను చెవిన పెట్టలేదు. కారును ఎవరు ఆపారన్నది కాదు, ఎక్కడెక్కడ ఆగిందో చెప్పమంది. మిడత ఆలోచనలో పడ్డాడు. ముఠా ఆఫీసు ముందు ఆగింది, నిజమే; అక్కడ స్పీడ్ బ్రేకర్ ఉంది. కూరగాయల మార్కెట్టు గుంతలోనూ ఆగింది, తన ఇంటి గేటు గట్టు మీదా ఆగింది. ఆ రెండూ ఫైలుకు ఎక్కలేదు, ఎందుకంటే అక్కడ శత్రువులెవరూ లేరు.

అత్త హెడ్‌లైట్లు వేయించింది. మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్‌కు, రెండోది కారు బాడీకి ఆనించి, మోకాలితో కారును ఊపింది. సున్నా దగ్గర నిద్రపోతున్న ముల్లు ఉలిక్కిపడి లేచింది. లైట్లు కునికాయి.

"ఇదుగో నీ దొంగ," అంది. "కరెంటు తిరిగి తన ఇంటికి, అంటే బ్యాటరీకి, చేరేది ఈ ఎర్త్ తీగ మీదుగానే. ఈ బోల్టు కింద పట్టు లేదు."

బోల్టు విప్పి చాకుతో గీకింది. నీలం రాలింది. దాని కింద గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మరొకటి. ప్రతి మిషన్‌కూ కారుకు మారువేషం వేయడం డిపార్టుమెంటు ఆచారం. శత్రువు బోల్టు విప్పి చూసినా పాత రంగు దొరకరాదని, పెయింటర్లు ప్రతిసారీ బోల్టు తీసి, దాని కింద కూడా శ్రద్ధగా రంగు వేసి మళ్ళీ బిగించారు. ఆ దళసరి పూతల మీద ఎర్త్ తీగ వేలాడుతోంది.

"ఒరేయ్, పదకొండు రంగులు. ఏం ఇన్సూరెన్సు కంపెనీరా మీది?"

"కస్టమర్లు రకరకాలుగా ఉంటారత్తా."

ఆమె అతని ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఎమెరీ పేపరుతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, బోల్టు బిగించింది.

"ఎవర్నో తీసుకురావడానికి పోతున్నావు. మీ ఆఫీసువాళ్ళు వద్దని చెప్పే ఉంటారు. తీసుకురాకుండా మాత్రం నా షాపు గడప తొక్కకు."

పన్నెండు గంటలకు బాతు రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా ఆలపించింది. నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, తొందర ఎరగని నడకతో నెమలి మెట్లు దిగింది. వెనకనే ఇద్దరు, చేతులు కోటు జేబుల్లో. ఆమె కారెక్కగానే మొదటి బుల్లెట్ సైడ్ మిర్రర్‌ను పట్టుకుపోయింది. వీధి చివర స్పీడ్ బ్రేకర్, నెల రోజులుగా కారు తప్పకుండా చచ్చే చోటు. మిడత బ్రేకు మీద కాలు పెట్టలేదు. కారు గాలిలోకి ఎగిరి నేలను గుద్దుకుంది. ఇంజన్ ఒక్క దగ్గు కూడా దగ్గకుండా మలుపు తిరిగింది.

నెమలి స్కార్ఫు సర్దుకుంది. "మీ కారును ఆపే యంత్రం కనిపెట్టామని మా ముఠావాళ్ళు పైవాళ్ళకు రిపోర్టు రాసి మెడల్స్ కూడా తెచ్చుకున్నారు. ఇవాళ దానికేమైంది?"

"ఎమెరీ పేపరు," అన్నాడు మిడత.

సాయంత్రానికి జాబితాలోని తొమ్మిది మందీ దొరికారు. తాము జారీచేసిన ఆర్డర్ల ఫలితంగానే మిషన్ విజయవంతమైందని చీఫ్ ఫైలులో రాసుకున్నారు. శత్రువు కారును గుర్తుపట్టాడు కనుక మర్నాడు ఉదయమే దానికి పన్నెండో రంగు వేశారు. పెయింటర్లు బోల్టు విప్పడం మరచిపోలేదు.