పంటికి తగలని గింజ

ఇంద్రకాంత్ గుడ్డసంచిలోంచి చచ్చిన బాతుపిల్లను తీసి బల్ల మీద పెట్టేసరికి ఫిరోజ్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. గులాబ్‌బాగ్ ధాన్యం మార్కెట్లో డిటెక్టివ్ దగ్గరికి తప్పిపోయిన లారీల కథలొస్తాయి గానీ బాతులు రావు. ఫిరోజ్‌కి డిటెక్టివ్ పని నేర్పే గురువు కుముద్ ఠాకూర్ మాత్రం తన ముక్కు మూసుకోకుండా దాని ముక్కు తెరిచి చూసింది.

"పదకొండు చచ్చాయి, దీదీ," అన్నాడు ఇంద్రకాంత్. "సోమవారం సరుకు ఎక్కించాక గోదాంలో ఊడ్చిన మొక్కజొన్నలు ఇంటికి తెచ్చాను. మా పాప ఫూలో వాటిని బాతులకి వేసింది. ఇవాళ గురువారం. ఒక్కటీ మిగల్లేదు."

బజరంగ్ చౌధరి గోదాంలో నాణ్యత పరీక్షించేది ఇంద్రకాంతే. అక్కడి మొక్కజొన్న ఊరి చివరి ఫ్యాక్టరీలో పిండి అవుతుంది. ఆ పిండి అంగన్‌వాడీ పిల్లల జావ అవుతుంది.

"ఇది బూజు విషమే, దీదీ. కానీ నా పరీక్షలో ప్రతి బస్తా శుభ్రంగానే ఉంది! ఇవాళ పదకొండు గంటలకి ఇంకో లారీ కదలాలి. సంతకం పెట్టకపోతే మాలిక్ చౌధరి పనిలోంచి గెంటేస్తాడు. పెడితే..." మే నెల ఎండలో అతని పళ్ళు టకటక కొట్టుకున్నాయి.

తిండిలో దాక్కున్న విషమంటే ఫిరోజ్‌కి కత్తి కన్నా భయం. కత్తయితే కనీసం కంటికి కనబడుతుంది.

తొమ్మిదింటికల్లా గోదాంలో ఉన్నారు. ఇంద్రకాంత్ శాంపిల్ తీసే బోలు చువ్వను బస్తా పక్కన గుచ్చాడు. జానెడు లోతు దిగింది. బంగారంలాంటి గింజలు జలజల రాలాయి.

"ఎప్పుడూ పక్క నుంచేనా?" అడిగింది కుముద్.

"అందరూ అంతే, దీదీ. మా నాన్న కూడా అంతే."

హమాలీల పెద్ద సుకదేవ్ అడక్కుండానే ఒక గింజ నోట్లో వేసుకుని పటుక్కున కొరికి ఉమ్మాడు. "తేమ పదమూడు శాతం."

"పదమూడున్నర! నీ పన్ను అరిగిపోయింది ముసలోడా," అంటూ సరుకు తెచ్చే రైతు లఖన్ ఇంకోటి కొరికాడు. చేతికి గింజ దొరికితే కొరకకుండా ఊరుకునేవాడు ఆ మార్కెట్లో ఇంకా పుట్టలేదు.

కుముద్ గుప్పెడు గింజలు యజమాని చౌధరికి అందించింది. "మీ పన్నే అసలైన మిషన్ అంటారు కదా!"

చౌధరి వాటిని అరచేతిలో దొర్లించి తిరిగి బస్తాలో పోశాడు. "పన్ను నొప్పి, మేడమ్. ఏం అడగాలో అడిగేయండి, లారీకి ఆలస్యమవుతోంది." అని వక్క నోట్లో వేసుకుని పటపట నమిలాడు.

కుముద్ లఖన్ వైపు తిరిగింది. "పోయిన వారం గాలివానకి ఎవరి పంట తడిసింది?"

"ఎవరిది తడవలేదు, దీదీ? అందరమూ హైవే మీదే ఎండబోశాం. నాదీ తడిసింది, మాలిక్‌దీ తడిసింది. నాది కోళ్ళ మేతకి కూడా వద్దన్నారు. గుంట తీసి పూడ్చేశాను."

"ఈ బస్తాలు కుట్టిందెవరు?"

"మేం కాదు," అన్నాడు సుకదేవ్. "నిన్న మాకు సెలవు. పొద్దున వచ్చేసరికి కుట్టేసి ఉన్నాయి."

"గోదాం తాళంచెవులు రెండే," చౌధరి గొంతు పెంచాడు. "ఒకటి నాది. రెండోది ఇంద్రకాంత్‌ది. కాయితాల మీద సంతకం ఎవరిదో కూడా చూసుకోండి!"

ఇంద్రకాంత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడే ఫిరోజ్ బస్తాల వెనక నుంచి చేతి పొడవున్న ప్లాస్టిక్ పైపు లాక్కొచ్చాడు. లోపలంతా ఆకుపచ్చటి పొడి. కుముద్ మెచ్చుకోలుగా తలాడించేసరికి వాడి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

అందర్నీ చుట్టూ నిలబెట్టి ఆమె ఒక బస్తాని నిలువునా కోసింది. చుట్టూ బంగారం. నడుమ స్తంభంలా నల్లగా, పచ్చగా, వెగటు వాసన కొడుతూ బూజు.

"ఖాళీ బస్తాలో పైపు నిలబెట్టాలి. పైపులో కుళ్ళింది, చుట్టూ మంచిది పోయాలి. పైపు లాగేసి మూతి కుట్టాలి. పక్క నుంచి జానెడు దిగే చువ్వకి ఎప్పటికీ మంచిదే తగులుతుంది," అంది కుముద్. "సుకదేవ్ కొరికాడు, లఖన్ కొరికాడు. ఇంద్రకాంత్ అయితే ఊడ్చిన గింజల్ని తన పిల్ల చేతికే ఇచ్చాడు. కొరకనిది మీరొక్కరే, చౌధరి గారూ. వక్కకి లేని పన్ను నొప్పి గింజకి వచ్చిందా? అంచున ఉన్నది మంచిదేనని మీకూ తెలుసు. అయినా నోరు ఒప్పుకోలేదు. పసిపిల్లల నోట్లో పెట్టడానికైతే మనసు ఒప్పుకుందా?"

చౌధరి నేల మీదికి చూస్తూ నోట్లోని వక్క ఉమ్మేశాడు.

అంతలో కుముద్ మొహం పాలిపోయింది. ఆమె భయపడడం ఫిరోజ్ చూడడం అదే మొదటిసారి.

"ఈ బస్తాలు నిన్న కుట్టినవి. బాతులు తిన్నవి సోమవారం ఊడ్చిన గింజలు. అంటే సోమవారం లారీలో కూడా..."

ఇంద్రకాంత్ ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. సోమవారం సరుకు పిండి అయిపోయిందన్నారు. మొదటి సంచులు పొద్దున్నే మూడు అంగన్‌వాడీలకు వెళ్ళాయి. రెండు చోట్ల ఫోన్ ఎత్తారు, జావ ఆపారు. మూడోది ఇంద్రకాంత్ ఉండే వార్డు. అక్కడ ఎవరూ ఎత్తలేదు.

"ఫూలో అక్కడే!" అన్నాడతను.

ఫిరోజ్ మోటార్‌సైకిల్‌ని జన్మలో అంత వేగంగా నడపలేదు. వెనక కూర్చున్న ఇంద్రకాంత్‌తో అంగన్‌వాడీకి చేరేసరికి గుండిగలో జావ పొగలు కక్కుతోంది. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో ఉన్నారు. ఆయా గరిటె ఎత్తింది. ఇంద్రకాంత్ ఒక్క దూకు దూకి ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఎవరైనా తిన్నారా?"

"ఇప్పుడేగా వడ్డించబోతున్నా! నీకేమైనా పిచ్చి పట్టిందా?" ఆయా కసిరింది.

అతను గుండిగని కాలితో తోసేశాడు. జావ మట్టిలో పారింది. పిల్లలు ఘొల్లుమన్నారు.

ఫూలో ఖాళీ పళ్ళెంతో తండ్రి ముందుకొచ్చింది. "నాకు ఆకలేస్తోంది, నాన్నా!"

ఇంద్రకాంత్ మోకాళ్ళ మీద కూలబడి, పిల్ల నోరు తెరిపించి, ఏమైనా కొరికిందేమోనని వేలితో ఒక్కో పన్నూ తడిమి చూశాడు.