మొత్తం నేనే రాశాను

హాలీవుడ్‌లో మధ్యాహ్నం రెండు. బయట ఎండ మాడ్చేస్తోంది. స్టూడియో రికార్డింగ్ గదిలో మాత్రం చీకటి. పాత సిగరెట్ పొగ, వేడెక్కిన వైర్ల వాసన. ముందు వరసలో హెస్టర్ క్రేన్ కూర్చుని ఉంది. ఆమె రాసిన డిటెక్టివ్ సినిమాకి అది ఆఖరి పని. తెర మీద హీరో వానలో నడుస్తుంటే అతని గొంతు కథ చెబుతూ పోవాలి. నటుడు పొద్దున్నే చదివేసి వెళ్ళిపోయాడు. బొమ్మకీ గొంతుకీ అతుకు కుదిరిందో లేదో చూసుకోవాలి, అంతే.

ఆమె రాసిన సినిమా అన్నాను. పచ్చి అబద్ధం. అందులో సగానికి పైగా మాటలు మెండెల్ రాస్కిన్‌వి. తొమ్మిదేళ్ళు అతను గదిలో పచార్లు చేస్తూ చెబితే ఆమె టైపు కొట్టింది. కమ్యూనిస్టని స్టూడియోలన్నీ అతన్ని నల్లజాబితాలో పెట్టాయి. ఊళ్ళో ఒక్కడూ పనివ్వలేదు. మార్చిలో గుండె ఆగి పోయాడు.

"నా పేరు తీసేస్తామంటే సినిమా ఆపించెయ్, హెస్టర్" అని పోయేముందు అడిగాడు. సరేనంది. నిన్న నిర్మాత బర్డెట్ ప్రమాణపత్రం ముందు పెడితే, కిక్కురుమనకుండా సంతకం పెట్టింది. 'మొత్తం నేనే రాశాను' అని ఉంది అందులో.

"ఏంటా మొహం?" అన్నాడు పక్కనే కూర్చున్న బర్డెట్. "చచ్చినవాడికి పేరెందుకు?"

"నోర్ముయ్. వాడి మాటలు తినే బలిశాం, నువ్వూ నేనూ!"

ఆ కోపం అతని మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు.

అద్దం వెనక యంత్రం దగ్గరున్న ఓటిస్‌కి బర్డెట్ చెయ్యి ఊపాడు. తెర వెలిగింది. వాన, టోపీ, ఖాళీ వీధి. గొంతు మొదలైంది. నాలుగు వాక్యాలు సరిగ్గానే నడిచాయి. ఐదోది హెస్టర్ గానీ మెండెల్ గానీ రాసింది కాదు.

"నిన్న పదకొండింటికి ఆమె కలం తీసింది... చెయ్యి వణకలేదు."

"ఇదేం పరాచికం, హెస్టర్?"

"నేను రాయలేదు..."

"ఆపరా, ఓటిస్!"

తెర ఆరిపోయింది. ఓటిస్ రీలు ఊడదీసి పైకెత్తి చూపించాడు. మైకులో చెప్పాడు. "ఎప్పుడో ఆపేశాను సార్..."

మాటలు ఆగలేదు. ఇప్పుడది నటుడి గొంతు కాదు. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూ చెబుతోంది... వెంటే అడుగుల చప్పుడు.

"ఆమె లేస్తుంది. కుర్చీ పడిపోతుంది."

హెస్టర్ లేచింది. కుర్చీ పడింది.

"అరుస్తుంది."

"చాలు!" అని అరిచింది హెస్టర్. "చెప్తాను. ఊరందరికీ చెప్తాను. ఆ కాగితం చింపేస్తాను. ఇది రాసింది... ఇది రాసింది... హెస్టర్ క్రేన్!"

తుళ్ళిపడింది. మళ్ళీ ప్రయత్నించింది. తొమ్మిదేళ్ళు రోజూ పిలిచిన పేరు. నాలుక చివరనే ఉంది.

"హెస్టర్ క్రేన్."

బర్డెట్ కాలర్ పట్టుకుని గుంజింది. "నువ్వు చెప్పరా! వాడి పేరు చెప్పు!"

బర్డెట్ నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "హెస్టర్... క్రేన్" అన్నాడు గుసగుసగా.

అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అద్దం వెనక ఓటిస్ పెదాలు కూడా ఆమె పేరే పలుకుతున్నాయి. అతను ఆమెను చూడటం లేదు. ఆమె భుజం మీదుగా, వెనక్కి చూస్తున్నాడు...