తాళంచెవి, కుంచం

ఒర్సోలా అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నాలుగేళ్ళ తన కొడుకుని ఈ ఇంట్లో ఉంచేసుకుని, తనని మాత్రం పుట్టింటికి పంపేస్తారని. మొగుడు పోయిన పడుచుదాన్ని అలా పంపడం ఆ కొండల్లో ఎవరికీ తప్పు కాదు. బిడ్డ వంశానిది, తల్లి పుట్టింటిది, అంతే. మొగుడు కొర్రాదో జ్వరంతో పోయిన దగ్గర్నుంచీ, ముంగిట్లో గిట్టల చప్పుడైతే చాలు, అన్న తనని తీసుకుపోవడానికి వచ్చేశాడని ఆమె గుండె జారిపోయేది.

ఆ గురువారం పొద్దున కూడా అలాగే ఉలిక్కిపడి, చెస్ట్‌నట్ పిండి జావలో గరిటె వదిలేసింది.

"జావ అడుగంటుతోంది, కనపడటం లేదూ?" అంది అత్తగారు బెర్తా, నల్ల శాలువా కప్పుకుంటూ. "అవి ఉప్పు గాడిదలు. నీకోసం ఎవరూ రాలేదులే, ఇవాళ్టికి."

ఆ 'ఇవాళ్టికి' ఒర్సోలా గుండెల్లో ముల్లులా దిగింది.

"ఉప్పు కొనడానికి పనివాళ్ళు లేరా అత్తయ్యా? దొరసాని అయ్యుండి ప్రతి గురువారం వంతెన దాకా దిగిపోయి, గాడిదలవాళ్ళతో ఆ గంటలకొద్దీ ముచ్చట్లేమిటో!"

"నా ముచ్చట్లు నా ఇష్టం. నువ్వు నీ పని చూసుకో. మధ్యాహ్నం బిడ్డ చెయ్యి తాళంచెవి మీద పడాలి. పడకపోయిందో, నిన్ను ఈ గడప తొక్కనివ్వను."

"పడినా తొక్కనివ్వరుగా!"

బెర్తా చేతికర్ర టకటకలాడించుకుంటూ వంతెన వైపు దిగిపోయింది.

వాళ్ళ మోంతెరూదో పేరుకే సంస్థానం. హాలు గోడ మీద వంశవృక్షం రంగుల్లో వేయించి ఉంది. కాండం దగ్గర నిలబడ్డ మొదటి దొర చేతిలో రెండు లోయలు, పంతొమ్మిది కోటలు. అయితే పుట్టిన మగపిల్లలందరికీ సమానంగా పంచాలన్నది ఆ వంశం పట్టు. నాలుగు వందల ఏళ్ళు పంచగా పంచగా, ఈ కొమ్మకి మిగిలింది ఒక కోట, ఒక వంతెన, రెండు ఊళ్ళు. సొంత ముద్ర ఉంది, సొంత ఉరికంబం ఉంది. సైన్యం మాత్రం ఆరుగురే. అందులో ఒకడు వంటవాడు.

పంపకానికి పద్ధతి ఒకటుంది. పెద్దవాడు రెండు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు ఎంచుకుంటాడు. కాబట్టి పెద్దవాడు మోసం చెయ్యలేడని తాతల నమ్మకం. కొర్రాదో లేడు కనక అతని బదులు ఎంచుకోవాల్సింది కొడుకు గిదో. తాతలకి తట్టని దారి పెదనాన్న అంబ్రోజోకి తట్టింది. ఒక వాటాలో కోట, వంతెన, చెస్ట్‌నట్ అడవి, పై ఊరు పెట్టాడు. రెండోదాంట్లో ఏటి ఒడ్డున పిండిమర, సగం కూలిన బురుజు, దిగువ ఊరు. ఆపైన ఒక షరతు తగిలించాడు. కోట తీసుకున్న పిల్లవాడు పద్నాలుగేళ్ళు నిండేదాకా కోటలోనే, పెదనాన్న చేతికింద పెరగాలి. తల్లి పుట్టింటికి వెళ్ళిపోవాలి. మర తీసుకుంటే ఆ షరతు లేదు, కానీ అప్పుడు కోట అంబ్రోజోదే.

మధ్యాహ్నం హాల్లో బల్ల మీద రెండు వస్తువులు పెట్టారు. కోట తాళంచెవి, మూరెడు పొడవు, నిగనిగలాడేలా తోమినది. పక్కన, పిండి కొలిచే పాత చెక్క కుంచం. పిల్లవాడు దేనిమీద చెయ్యి వేస్తే ఆ వాటా వాడిది. పత్రం రాయడానికి నోటరీ కలం ముంచి కూర్చున్నాడు. వంతెన నుంచి అప్పుడే తిరిగొచ్చిన బెర్తా ఆయాసపడుతూ గోడకి ఆనుకుంది.

"కానీ ఒర్సోలా, తీసుకురా దొరగారిని," అన్నాడు అంబ్రోజో నవ్వుతూ. "భయమెందుకు? ఏది పట్టుకున్నా మన వంశంలోదేగా!"

"నాకు భయమేమీ లేదు బావగారూ. తోమించినవాళ్ళకే ఉండాలి. తాళంచెవి మెరిసిపోతోంది, కుంచానికి బూజు కూడా దులపలేదు."

నోటరీ దగ్గాడు. అంబ్రోజో నవ్వు ఆగిపోయింది.

"నీ నోటిదురుసు మీ అన్న ఇంట్లో చూపించుకో. ఆదివారం వస్తున్నాడు, కబురు పెట్టాను."

ఒర్సోలా గిదోని బల్ల దగ్గరికి తెచ్చింది. వాడు మెరిసేదాన్ని చూశాడు, చెయ్యి చాచాడు. ఎవరైనా దాన్నే అందుకుంటారు. ఇంకో బెత్తెడు దూరం. వంశవృక్షం మీద దొరలందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది ఆమెకి. కోట పోగొట్టిన తల్లి అంటారు. పెద్దయ్యాక వీడే అంటాడు. తెలుసు. తెలిసీ, కొడుకు మణికట్టు పట్టుకుని లాగి, ఆ చిన్న అరచేతిని కుంచం మీద అదిమింది.

"నాకు అది కావాలి!" అని గిదో కెవ్వుమన్నాడు. "అమ్మా, అది!"

"వద్దు నాన్నా. ఇదే మనది."

"వాడి చెయ్యి వదులు!" బెర్తా కర్ర ఎత్తుకుని వచ్చేసింది. "దొర కడుపున పుట్టినవాణ్ణి పిండిమర వాణ్ణి చేస్తావా? నువ్వు తల్లివేనా? మొగుణ్ణి మింగావు, ఇప్పుడు కోట కూడా..."

"అవును, మింగాను! ఇంకేం మింగాలో చెప్పండి!" ఒర్సోలా మొదటిసారి ఆవిడ కళ్ళలోకి సూటిగా చూసింది. "వీణ్ణి వదిలి బతకడం నావల్ల కాదు. కొట్టండి, చంపండి. ఏ తల్లి వదులుతుంది అత్తయ్యా, తాళంచెవి కోసం?"

ఎత్తిన కర్ర అలాగే ఆగిపోయింది.

"నేను వదిలాను," అంది బెర్తా.

ఆవిడ బల్ల అంచు పట్టుకుని మెల్లగా బెంచీ మీద కూలబడింది.

"ఈ ఇంటికి రాకముందు కనుమ అవతల రోక్కసోర్దా కోటలో ఉండేదాన్ని. ఇరవై ఏళ్ళకి ముండమోశాను. రెండేళ్ళ కొడుకు. ఇలాంటిదే బల్ల, ఇలాంటిదే తాళంచెవి. నా చేత్తోనే వాడి చెయ్యి దానిమీద పెట్టాను. కొడుకు దొర అవుతాడు, నా బతుకేముందిలే అనుకున్నా. మరుసటి నెలలో మావాళ్ళు గాడిదతో వచ్చి నన్ను తీసుకుపోయి, ఇక్కడికి రెండో పెళ్ళికి ఇచ్చేశారు."

"మాకు ఒక అన్న ఉన్నాడా?" అన్నాడు అంబ్రోజో. "ఎప్పుడూ చెప్పలేదేం అమ్మా?"

"మీ నాన్న ఆ పేరు ఎత్తొద్దన్నాడు. ఎత్తలేదు. ఆ కోటలో ఇప్పుడు వాడి బాబాయి కొడుకులు ఏలుతున్నారు. వాణ్ణి ఆరేళ్ళప్పుడు మఠంలో వేశారని ఒకడంటాడు, జ్వరంతో పోయాడని ఇంకొకడంటాడు. ఉప్పు గాడిదలవాళ్ళు ఆ కనుమ దాటే వస్తారు. అందుకని అడుగుతా. నలభై ఏళ్ళుగా అడుగుతున్నా."

పొద్దున తను అన్న మాట గుర్తొచ్చి ఒర్సోలా తల వంచుకుంది.

"మరి నన్నెందుకు అలా సాధించారు అత్తయ్యా?"

"నువ్వూ తాళంచెవే పట్టిస్తే, నేను చేసింది తప్పు కాదని అనుకుందామని," అంది ఆవిడ. అని శాలువా మొహానికి అడ్డం పెట్టుకుని, పసిదానిలా భోరుమంది. ఒర్సోలా కింద కూర్చుని ఆవిడ మోకాళ్ళ మీద తల ఆన్చింది. ఏమీ అర్థంకాక గిదో ఇద్దరి మీదా ఎక్కి కూర్చున్నాడు.

కాసేపటికి బెర్తా ముక్కు తుడుచుకుని నోటరీ వైపు తిరిగింది.

"కుంచం అని రాయి. చేసిన ఎంపిక తిరగదు. నా మంచం కూడా ఆ మరకే పోతుందని రాయి. అంబ్రోజో, ఆదివారం ఈ పిల్ల అన్న వస్తే భోజనం పెట్టి పంపించు. నీ కోట నువ్వు ఏలుకో."

"అమ్మా, ఆ బురుజుకి పైకప్పు లేదు!"

"నీకు సిగ్గుంటే వేయించు."

వారం తిరక్కుండా వేయించాడు. తనే వచ్చి దగ్గరుండి వేయించాడు, ఎవరి మొహం చూడకుండా.

ఇప్పుడు ఉప్పు గాడిదలు మర గుమ్మం ముందునుంచే పోతాయి. అత్తాకోడళ్ళు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు, జావలో ఉప్పెక్కువైందని ఒకరు, అసలు వెయ్యలేదని ఒకరు. గురువారం వస్తే మాత్రం ఇద్దరూ నోరు మూసుకుని గుమ్మంలో నిలబడతారు. బెర్తాకి ఈమధ్య గొంతు పెగలడం లేదు. అడిగేది ఒర్సోలాయే. ఇంతవరకూ నికరమైన కబురు రాలేదు.

మీలో ఎవరైనా ఆ కనుమ దాటి రోక్కసోర్దా వైపు వెళ్తే, మఠాల్లోనూ ఒకసారి తొంగి చూడండి. నలభై రెండేళ్ళ మనిషి, ఎడమ చెవి వెనక చిన్న కాలిన మచ్చ ఉంటుంది. పేరు తద్దేయో. అన్నం తింటున్నాడో, ఒంట్లో ఎలా ఉందో కనుక్కోండి. అమ్మ అడుగుతోందని చెప్పండి.