ఆకుకు ఒక్క మార్పు

మణిసాల రాజ్యానికి పెద్ద ఆపద వచ్చింది. ఒక మాంత్రికురాలు నిద్రమాయ ప్రయోగించింది. పడుకున్న పిల్లలు మళ్లీ లేవడం లేదు.

ఆ రాజ్యపు గ్రంథశాలలో ఒక మహావైద్య గ్రంథం ఉంది. దాన్ని ఎవరైనా చదవవచ్చు, తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దుబాటు తేవచ్చు. ఆ గ్రంథానికి కావలి ఉన్న భూతం ఒప్పుకుంటే చాలు, రాజ్యంలోని ప్రతులన్నీ వాటంతటవే మారిపోతాయి. అయితే ఒక తాటాకు మీద ఒక్క మార్పే రాయాలి, కింద పేరూ కారణమూ ఉండాలి.

వాకిట్లో ఆ ఆకులు అందుకునే పిల్ల కువలయ. నెల కిందట సోమిలి అనే అడవి మనిషి, నిద్రమాయ మందులో తప్పుందంటూ ఒకే ఆకు మీద ఐదు మార్పులు కుక్కి తెచ్చింది. "పద్ధతి తెలుసుకుని రా" అని కువలయ చదవకుండానే తిప్పి పంపేసింది. ఇప్పుడు కువలయ తమ్ముడే కళ్లు తెరవడం లేదు. గ్రంథంలోని మందు వేసినా గుణం కనిపించలేదు. అప్పుడు ఆమెకు సోమిలి మాట గుర్తొచ్చింది.

కువలయ అడవిలోకి పరుగెత్తింది. వాగు దగ్గర పెద్దపులి అడ్డం నిలిచింది. కువలయ తమ్ముడి సంగతీ మందు సంగతీ కలగాపులగంగా చెప్పుకొచ్చింది.

"మా అడవి పద్ధతి ప్రకారం అడుగు," అంది పులి.

"ఆ పద్ధతేమిటో నాకు తెలియదే."

"తెలుసుకుని రా."

తను అన్న మాటే అది. కువలయ అక్కడే కూలబడి ఏడ్చింది. పులికి జాలేసింది. "ముందు నీ పేరు చెప్పు. తర్వాత ఎవరి కోసం వెళ్తున్నావో చెప్పు. అంతే," అంది. కువలయ చెప్పగానే దారి ఇచ్చింది.

సోమిలి గుడిసె ముందు ఒంటరిగా కూర్చుని ఉంది. కువలయ ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

"తప్పు నాదే అత్తా. నువ్వు చెప్పు, నేను రాస్తాను. ముందు నిద్రమాయ మందు. మిగతా నాలుగింటికీ వేరే ఆకులు తీద్దాం."

వేయాల్సింది నల్లవేరు కాదు, తెల్లవేరు అని సోమిలి చెప్పింది. అది రాశాక కువలయ ఘంటం ఆపింది. "కారణం ఏమని రాయను?"

"మీ పుస్తకంలో ఉన్న మందేసి నా కొడుకును పోగొట్టుకున్నానని రాయి. ఇంకో తల్లికి ఇట్లా కాగూడదనే అంత దూరం వచ్చినా," అంది సోమిలి.

కువలయకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే రాసి, కింద సోమిలి పేరు పెట్టింది.

భూతం ఆ ఆకు చదివి గ్రంథంలో చేర్చింది. ప్రతులన్నీ మారాయి. కొత్త మందు తాగిన పిల్లలు లేచారు. కువలయ తమ్ముడు లేస్తూనే అన్నం అడిగాడు. ఆ నెల రోజుల్లో పోయిన తొమ్మిదిమంది మాత్రం లేవలేదు.

రాజు సోమిలిని ఆస్థానంలోనే ఉండిపొమ్మన్నాడు. "నా బిడ్డ ఆడున్నాడయ్యా" అని ఆమె అడవికి వెళ్లిపోయింది. రాజు కువలయను గ్రంథశాలకు అధిపతిని చేశాడు. ఆమె లోపలి పీఠం వద్దని, గడప బయట పీట వేయించుకుంది. ఎవరు ఎలా రాసుకొచ్చినా పక్కన కూర్చోబెట్టుకుని, ఆకంతా చదివి, పద్ధతిగా మళ్లీ రాయిస్తుంది.

పిల్లలూ, మణిసాలలో అందరూ చల్లగా ఉన్నారని చెప్పి కథ ముగించాలని నాకూ ఉంది. చాలామంది ఉన్నారు.